లక్కిరెడ్డిపల్లె యీటె

చరిత్రమున ‘అట్లు గాక యిట్లు జరిగియున్నచో’ అను ప్రశ్నకు తావు లేదని పెద్దలందురు. జరుగనిదానిని గూర్చి వాదించుట గాలిని మూటగట్టుట వంటిదని వారి యభిప్రాయము. అయినను అట్టి ప్రశ్న నొక్కదానిని నేడు శ్రోతల యెదుట నుంచదలచితిని. ఏలన, అది మా కడప కర్నూలు సీమలకు సంబంధించినది. 1751వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున రాయచోటి ప్రాంతమందలి లక్కిరెడ్డిపల్లె కడ నొక యీటె గురి తప్పియున్నచో, దక్కను చరిత్రము ఏ త్రోవను నడచియుండెడిది?

ఈ ప్రశ్న బోధపడవలెనన్న మూడేండ్లు వెనుకకు పోవలెను. 1748లో నిజాముల్ ముల్కు అసఫ్ జా మరణించెను. దక్కను సుబేదారీ పేరునకు ఢిల్లీ పాదుషా యిచ్చు నుద్యోగమే గాని తండ్రి సొత్తు గాదు. కాని అసఫ్ జా చిరకాలము స్వతంత్రుడువలె నేలినందున అది యించుమించు సింహాసనమే యయ్యెను. ఆ సింహాసనమునకు వారసు డెవ్వరో తేల్చు కట్టుబాటు మాత్రము ఏర్పడలేదు. పెద్దకొడుకు గాజీయుద్దీను ఢిల్లీలో నుండెను. రెండవవాడు నాజరుజంగు చేరువనుండుటచేత బొక్కసమును సేనను చేజిక్కించుకొనెను. కూతురి కొడుకు ముజఫరుజంగు, మన యాదవాని సీమ యేలికయై యుండినవాడు, తాత గద్దె తనదే యనెను. పాదుషా ఫర్మానా తనకే కలదని ఎవరికి వారే చాటుకొనిరి.

ముజఫరుజంగునకు సేన చాలదు. పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లే యొద్ద సేన కలదు. ఆర్కాటు నవాబుగిరి కోరుచుండిన చందాసాహేబు వారితో కలిసెను. 1749 ఆగస్టులో ఆంబూరు కడ ఆర్కాటు నవాబు అన్వరుద్దీను హతుడయ్యెను. మరుసటియేట నాజరుజంగు మహాసేనతో దక్షిణమునకు దిగి మేనల్లుని చెరబట్టెను. ఆ సేనలో కడప, కర్నూలు, సవనూరు పఠాను నవాబు లుండిరి. డూప్లే వారితో రహస్యముగా మంతనములు నడపెను. 1750 డిసెంబరు 16వ తేదీన ఫ్రెంచివారు చెంజి సమీపమున నాజరుజంగు దండుపై బడిరి. తన వారినే నమ్మి యేనుగు నెక్కి వచ్చిన నాజరుజంగును ఆ నవాబుల పక్షము వారే తుపాకితో కాల్చి చంపిరి. ఉదయమున బందీగా నున్న ముజఫరుజంగు ఆ దినముననే సుబేదారయ్యెను.

అటుపిమ్మట కూలి లెక్కలు మొదలయ్యెను. కృష్ణకు దక్షిణముగా కన్యాకుమారి వరకు గల దేశమునకు డూప్లేను తన ప్రతినిధిగా ముజఫరుజంగు నియమించెను. నవాబులు పేష్కషు మాఫీయు, క్రొత్త జాగీరులును, నాజరుజంగు బొక్కసములో సగమును కోరిరి. డూప్లే నడుమ నుండి ఆ కోర్కెలను తగ్గించెను. వారు పైకి తలయూచిరి గాని లోలోన రగులుచునే యుండిరి.

1751 జనవరిలో క్రొత్త సుబేదారు స్వదేశమునకు బయలుదేరెను. బుస్సీ సుమారు 300 మంది ఫ్రెంచి సైనికులతోను, 2,000 మంది దేశీయ సిపాయిలతోను వెంట నడచెను. దండు కడప నవాబు సీమను దాటుచుండగా కొన్ని పల్లెలు తగులబడెను. ఆ నెపమున నవాబు వెనుక వచ్చుచుండిన రాణివాసపు కావలివారిపై బడెను. పఠానులు కనుమ త్రోవ నడ్డగించి నిలిచిరి. బుస్సీ ఫిరంగులు వారి వరుసలను చెదరగొట్టెను. ముజఫరుజంగు రోషము పట్టజాలక, ఫ్రెంచి కాల్బలము వచ్చి కలియకమున్నే గుర్రపుదండుతో తరిమెను. కర్నూలు నవాబు వెనుదిరిగి నిలిచెను. అతని యీటె ముజఫరుజంగు తలలో దిగెను. మరుక్షణమే నవాబును తునకలయ్యెను.

ముజఫరుజంగునకు పసికొడు కొకడు కలడు. బుస్సీ వానిని కాదని, ఆ దండులోనే బందీగా నున్న అసఫ్ జా మూడవ కొడుకు సలాబతుజంగును గద్దె నెక్కించెను. పసివానికి ఆదవాని సీమ యిప్పించెను. తరువాత దండు కర్నూలుపై బడి, తుంగభద్ర యొడ్డునున్న కోటను పట్టి, లోని పఠానులను ఊచకోత కోసెను. మృతుడైన నవాబు భార్యయు బిడ్డలును చెరపడిరి.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. ఈటె గురి తప్పియున్నచో ముజఫరుజంగు హైదరాబాదు చేరియుండును. ఫ్రెంచి సేన లేక యొక్క దినమైనను నిలువజాలని వాడగుటచే బుస్సీని పోనిచ్చియుండడు. సేనకు జీతము కావలెను. బొక్కసము చాలనిచో భూమి నీయవలెను. సలాబతుజంగు చేసినది సరిగా నిదియే. 1753లో శ్రీకాకుళము, రాజమహేంద్రవరము మొదలైన ఉత్తర సర్కారులను సేన ఖర్చుల క్రింద ఫ్రెంచివారికి వ్రాసియిచ్చెను. ఆ సర్కారులలో పెత్తనము వచ్చినందుననే 1757లో బుస్సీ విజయనగర ప్రభువు పక్షమున బొబ్బిలికోట మీదికి పోయెను. కావున ఆ యీటె తగిలినను తగులకున్నను కథ యించుమించుగా నొక్కటియే యని నా నమ్మకము. మారెడిది గద్దెపై మనిషి పేరు మాత్రమే.

మరి యేది మారియున్నచో కథ మారును? ఇందుకు ఫ్రెంచి దేశ చరిత్రమునే చూడుడు. 1328లో అచటి రాజు పుత్రహీనుడై మరణింపగా, ఫ్రెంచి రాకుమారి కొడుకైన ఇంగ్లండు రాజు మూడవ ఎడ్వర్డు ఆ కిరీటము తనదనెను. మన ముజఫరుజంగువలె నతడును కూతురి కొడుకే. ప్రభువులు సమ్మతింపక, రాజు పినతండ్రి కొడుకగు వాల్వా ఫిలిప్పును రాజును జేసిరి. 1337 మొదలు 1453 వరకు సాగిన నూరేండ్ల యుద్ధమున నీ తగవు ముఖ్యకారణము. అంత వెల పెట్టి కొనిన కట్టుబాటగుటచేతనే, 1715లో పదునాలుగవ లూయీ మరణించినప్పుడు అయిదేండ్ల మునిమనుమడు నెత్తురు చిందకయే రాజయ్యెను. ఆ బాలుని ప్రజయైన బుస్సీ లక్కిరెడ్డిపల్లెలో పసివానిని త్రోసిపుచ్చి, సేనకు పనికివచ్చు వానిని ఏరుకొనెను. తమ యింట నున్న కట్టుబాటు మన యింట లేకపోవుటయే వారికి పెట్టుబడి యయ్యెను.

కట్టుబాటు లేమి అంతటితో తీరలేదు. గాజీయుద్దీను 1752లో ఔరంగాబాదున విషముచేత మరణించెను. సలాబతుజంగును తమ్ముడు నిజామలీ 1762లో చెరబెట్టెను. ఫ్రెంచివారు పోయి ఇంగ్లీషువారు వచ్చిరి. 1800లో నిజామలీ ఇంగ్లీషు సేన ఖర్చుల క్రింద కడప, బళ్లారి సీమలను వారికి వ్రాసియిచ్చెను. మా నేల పేరు ‘దత్తమండలములు’ అయ్యెను. లక్కిరెడ్డిపల్లెలో నొక గద్దెకై నెత్తురు పడిన భూమియే ఏబదియేండ్ల లోపల సేన జీతమునకు చెల్లయ్యెను. ఇందులో రైతును అడిగినవారు లేరు.

1928లో నంద్యాల సభలో పెద్దలు ఆ పేరును త్రోసివైచి ‘రాయలసీమ’ అని పిలిచిరి. రాయచోటి త్రోవను పోవు శ్రోతలు ఆ కనుమలను చూచినప్పుడు ఈటె విసరినవానిని తలపకున్నను చింతలేదు. తగులబడిన ఆ పల్లెలను మాత్రము ఒక్క నిమిషము తలపుడని నా మనవి.