పండుగకు వెల లేదు

లండన్ నగరమందలి హారోడ్స్ అను గొప్ప అంగడి, 2019లో, 2,000 పౌండ్ల సరకు కొనినవారి పిల్లలకే క్రిస్మస్ తాతను చూపుదుమని నియమము చేసినదని వింటిమి. తక్కినవారిలో చీటీలు తీసి కొలదిమందినే పిలిచిరట. మతమేదైనను పసివారి ఆశ ఒక్కటే కదా!

మన కేసముద్రం మార్కెట్టులో పసుపునకు ధర గలదు. ఆ పసుపే గౌరమ్మయై బతుకమ్మపై కూర్చున్నప్పుడు ధర యడుగువారు లేరు. గట్లమీది గునుగు, తంగేడు అందరివి.

అయినను పరులను నిందింపకముందు మనలను మనము చూచుకొందము. హెచ్చు చందా ఇచ్చినవారికి మండపమున ముందువరుసయు, కూలివాని బిడ్డకు స్తంభము చాటును చూపిననాడు మనమును ఆ అంగడినే తెరచినట్లు. ఈ దసరాకు పిల్లలనందరను ముందు కూర్చుండబెట్టుదము. హారతి మొదట వారికే చూపుదము. స్వస్తి.