బిడ్డ పేరిట ఇచ్చాక

స్నాతకోత్సవాల్లో బంగారు పతకాలు ప్రకటించేటప్పుడు పతకం అందుకునే విద్యార్థి పేరుతోపాటు మరో పేరు కూడా వినిపిస్తుంది. ఫలానావారి స్మారక పతకం అంటారు. ఒక్కోసారి ఆ పేరు చదువు ముగియకుండానే కన్నుమూసిన కొడుకుదో కూతురిదో అయివుంటుంది. కన్నవాళ్లు ధర్మనిధి ఏర్పాటుచేసి ఆ పేరు నిలుపుకుంటారు. పుత్రశోకం నిరంతరం అన్నారు మన పెద్దలు. అంతటి శోకం దానంగా మారినప్పుడు దాని విలువను దేన్నిబట్టి కట్టాలి? ఇచ్చాక దాత ఎంతవరకు పట్టు వదిలాడన్నదాన్ని బట్టి కట్టాలని నా అభిప్రాయం. దీనికి సాక్ష్యం, పట్టభద్రులైన మీలో కొందరైనా వెళ్లి చదవాలనుకుంటున్న స్టాన్‌ఫర్డ్ చరిత్రలో ఉంది.

ఆ సంస్థ పూర్తి పేరు లేలాండ్ స్టాన్‌ఫర్డ్ జూనియర్ విశ్వవిద్యాలయం. జూనియర్ అంటే కొడుకు. తండ్రి కాలిఫోర్నియా గవర్నరుగా చేసినవాడు, సెంట్రల్ పసిఫిక్ రైల్వే అధినేత. తల్లి జేన్. పెళ్లయిన పద్దెనిమిదేళ్లకు పుట్టిన ఒక్కగానొక్క బిడ్డ 1884 మార్చిలో ఇటలీలోని ఫ్లోరెన్సులో టైఫాయిడ్‌తో చనిపోయాడు. పదహారేళ్లు నిండడానికి ఇంకా రెండు నెలలుంది. మరుసటి ఏడాది నవంబరులోనే దానపత్రం రాశారు. 1891లో తరగతులు మొదలయ్యాయి. ఆడపిల్లలకూ మగపిల్లలకూ కలిపి చదువు చెప్పారు, మొదట్లో చాలాకాలం బోధన రుసుము తీసుకోలేదు. వాళ్ల విశ్వాసం ఆ పత్రంలోనే కనిపిస్తుంది. సృష్టికర్త ఉన్నాడనీ ఆత్మకు చావులేదనీ బోధించాలన్నారు. ఏ మతశాఖ సిద్ధాంతాలనూ బోధించకూడదనీ అక్కడే రాశారు. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లకు ఆత్మ అమరత్వం పుస్తకాల్లో చర్చించుకునే విషయం కాదు, రోజు గడవడానికి ఆధారం. 1893లో భర్త పోయాక ఆస్తి కోర్టు వ్యవహారాల్లో చిక్కుకుంది, కేంద్ర ప్రభుత్వం కోటీ యాభై లక్షల డాలర్లకు దావా వేసింది. విశ్వవిద్యాలయాన్ని మూసేయమన్న సలహాలను జేన్ పట్టించుకోలేదు. ఇంటి ఖర్చులకని కోర్టు అనుమతించిన సొమ్ములోంచి ఆచార్యుల జీతాలు కట్టింది. 1896లో సుప్రీంకోర్టు తీర్పు ఆమె పక్షాన వచ్చింది. ఆ మూడేళ్లూ సంస్థను నిలబెట్టింది ఆ విశ్వాసమేనని నేను నమ్ముతాను.

అయితే అదే ప్రేమ పిడికిలి బిగించినప్పుడు ఏమైందో కూడా చెప్పుకోవాలి. ఆడపిల్లల సంఖ్య పెరుగుతుంటే, కొడుకు జ్ఞాపకార్థం పెట్టింది ఆడపిల్లల కళాశాల అయిపోతుందేమోనని 1899లో జేన్ వాళ్ల సంఖ్యను అయిదువందలకు పరిమితం చేసింది. 1900లో ఎడ్వర్డ్ రాస్ అనే ఆచార్యుడి ప్రసంగాలు నచ్చక అతణ్ని తప్పించాలని పట్టుబట్టింది. ఆసియా వలసల మీద రాస్ మాటలు ఖండించదగ్గవే. కానీ దాత అయిష్టం ఒక ఉద్యోగాన్ని ఊడగొట్టగలదంటే, రేపు మంచిమాట చెప్పినవాడికీ అదే గతి. నిరసనగా రాజీనామా చేసినవాళ్లలో ఆర్థర్ లవ్‌జాయ్ ఒకడు. 1915లో బోధనా స్వేచ్ఛ కోసం అమెరికా ఆచార్యుల సంఘాన్ని స్థాపించినవాళ్లలో అతనూ ఉన్నాడు. 1903లో జేన్ తన అధికారాలను ధర్మకర్తల మండలికి అప్పగించింది. ఆమె చేసిన దానాల్లో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది అదే.

అసలు స్టాన్‌ఫర్డ్ దంపతులు దానమిచ్చిన డబ్బు ఎక్కడిదని మీరు అడగాలి. సియెర్రా నెవాడా కొండల్లో సెంట్రల్ పసిఫిక్ రైలుమార్గం వేసినవాళ్లలో అత్యధికులు చైనా కూలీలు. తెల్లవాళ్లకన్నా తక్కువ కూలికి పనిచేసి, మంచుచరియల కిందా పేలుళ్లలోనూ చచ్చిపోయారు. వాళ్లూ ఎవరో ఒకరి కన్నబిడ్డలే. వాళ్ల పేర్లు చాలావరకు కూలి పద్దుల్లో కూడా లేవు. ఏ దానమూ ఆ అన్యాయాన్ని కడగలేదు, కడిగిందని నేను అనను. కానీ 2012లో ఆ కూలీల చరిత్రను వెలికితీసే పరిశోధనను మొదలుపెట్టింది స్టాన్‌ఫర్డ్ ఆచార్యులే. దాత చేతిలోనే ఉండిపోయిన సంస్థ దాత సంపదను ఇలా ప్రశ్నించగలిగేదా? ఇక, చదువు చెప్పించడం ప్రభుత్వ బాధ్యత, ఒకరి శోకం మీద ఆధారపడకూడదు అనేవారున్నారు. నిజమే. ధర్మనిధులున్నాయని ప్రభుత్వం చెయ్యి దులుపుకోకూడదు.

బిడ్డను పోగొట్టుకున్నవాళ్లను పట్టు వదలమనడం కఠినం కాదా అన్నదే నన్ను ఎక్కువ ఆలోచింపజేసే ప్రశ్న. పేరు వదలమని నేను అనడంలేదు. గుప్తదానమే గొప్పదన్న మాట ఇక్కడ వర్తించదు. బతకాల్సిన బిడ్డ పేరు నలుగురి నోటా వినాలనుకోవడం ఆడంబరం కాదు. ఆ పేరు వెనక పెట్టే షరతుల గురించే నా మాట: ఫలానా కులంవాళ్లకే, ఫలానా మతంవాళ్లకే, మగపిల్లలకే అని రాసేవి. మీలో కొందరు రేపు దాతలవుతారు, కొందరు పాలకమండళ్లలో కూర్చుని అలాంటి పత్రాలు అంగీకరిస్తారు. కాలం మారితే షరతులు మార్చే అధికారం సంస్థకు ఉండేలా మొదటిరోజే రాయించండి. ఆడపిల్లల మీద జేన్ పెట్టిన పరిమితిని 1933లో సడలించారు. పూర్తిగా తొలగించేసరికి 1973 వచ్చింది.