జబ్బు తీవ్రత – మందు వాడుక
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



తుంగభద్ర ఎడమకాలువ నీటిని నమ్ముకొని, కోస్తా జిల్లాలనుంచి సింధనూరు, మాన్వి తాలూకాలకు తరలివచ్చి, క్యాంపులు కట్టుకొన్నవారము మనము. అందుచేత సేద్యపు మాటతోనే ప్రారంభిస్తాము.

1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలలో శనగపచ్చ పురుగు పైరిత్రాయిడ్ మందులకు లొంగలేదు. మందుకు చావక మిగిలిన పురుగే సంతానమును పెంచుకొన్నది. యాంటీబయాటిక్ మందుల సంగతీ ఇంతే. పెనిసిలిన్ కనుగొన్న ఫ్లెమింగు 1945లో, తన నోబెల్ ప్రసంగములోనే, ఈ హెచ్చరిక చేసియున్నాడు.

ఆసుపత్రిలో జబ్బు తీవ్రమైనకొద్దీ ఈ మందుల వాడుక హెచ్చుట సహజము. సూక్ష్మజీవి రక్తములో చేరి, రక్తపుపోటు పడిపోయిన రోగికి గంటలోపల మందు పడవలెను. పరీక్షకు రక్తము తీసి, వెంటనే మందు మొదలుపెట్టి, ఫలితము వచ్చిన పిమ్మట తగినదానికి మారుస్తారు. అది న్యాయము. తేలిక జబ్బుకు సైతము అదే మందు వాడుట న్యాయమా?

కోవిడ్ వైరసు జబ్బు. యాంటీబయాటిక్ వైరసును చంపదు. 2020 జనవరి మొదలు 2023 మార్చి వరకు 65 దేశాల ఆసుపత్రులలో చేరిన సుమారు 4,50,000 మంది వివరాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెల్లడించినది. బాక్టీరియా కూడ సోకి ఈ మందు అవసరమైనవారు నూటికి 8 మంది. పుచ్చుకొన్నవారు 75 మంది! తీవ్రరోగులలో నూటికి 81 మందికి ఇచ్చినారు. ఆఫ్రికా ప్రాంతములో తేలికగానో మధ్యస్థముగానో ఉన్నవారికి సైతము 79 మందికి ఇచ్చినారు. అంతా "ఎందుకైనా మంచిది" అనే భయమే.

ఇది వైద్యుల తప్పే అనలేము. జలుబు జ్వరానికి "గట్టి సూది వేయండి" అని పట్టుబట్టేది మనమే. రెండు మాత్రలు మింగి, మిగిలినవి దాచి, పొరుగింటి పిల్లవానికి ఇచ్చేదీ మనమే. రేపు మన ఇంటి బాలింతకో, వృద్ధులకో ప్రాణము మీదికి వచ్చి రాయచూరుకు తీసుకొనిపోయిననాడు ఆ మందు పనిచేయకపోతే దిక్కేది?

భీమవరములో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వములోనే అమెరికాలో ఆరియోమైసిన్ వెలసినది. 1948లో ఆ మందు లోకానికి తెలిసినది. ఆ ఏడే ఆయన కన్నుమూసినారు. అట్టివారి కష్టఫలమును మనము దుబారా చేయరాదు.

కావున ఈ ఉగాదినాడు ఒక్క నియమము పెట్టుకొందాము. డాక్టరు వద్దన్నప్పుడు అడుగము. వ్రాసి ఇచ్చినప్పుడు చెప్పినన్నాళ్లూ మానము. ఒకరి మందు మరొకరికి ఇవ్వము.