సూరత్ చెంత కొడవలి కణం

కొడవలి కణ వ్యాధికి మూలం డీఎన్ఏలోని ఒకే ఒక్క అక్షరం. బీటా గ్లోబిన్ జన్యువులో ఆ అక్షరం మారితే ప్రోటీన్‌లో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ వచ్చి చేరుతుంది. ఆక్సిజన్ తగ్గగానే ఆ ప్రోటీన్ ఉన్న హిమోగ్లోబిన్ పోగులు కడుతుంది. గుండ్రటి ఎర్ర రక్తకణం కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. అప్పుడు వచ్చే ఎముకల నొప్పి భరించరానిది.

సూరత్, తాపీ, వల్సాడ్ జిల్లాల గామిత్, చౌధరి, వసావా గిరిజనుల్లో ఈ జన్యువు ఎక్కువ. మిగతా చోట్ల అరుదనిపించే జబ్బు అక్కడ తరచుగా కనిపిస్తుంది. ఈ వ్యాధి నిర్మూలనకు దేశవ్యాప్త కార్యక్రమం 2023 జులై 1న మొదలైంది.

ఒకే మార్పు ఉన్న అన్నదమ్ముల్లో ఒకరు ఎక్కువగా, మరొకరు తక్కువగా బాధపడటం ఎందుకు? పుట్టాక తగ్గిపోవాల్సిన పిండ హిమోగ్లోబిన్ కొందరిలో మిగిలి కణాన్ని కాపాడుతుంది. దాన్ని నియంత్రించే జన్యువుల అన్వేషణ ఒక్కటే ఎన్నో పీహెచ్‌డీలకు సరిపోయే పని.

అలాంటి పరిశోధన వైపు వెళ్లాలనుకునేవారికి సూరత్‌లోని వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయంలో బయోసైన్సెస్, బయోటెక్నాలజీ విభాగాలున్నాయి. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) సాధించినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, ఇంటి అద్దె భత్యం అదనం. మగ్గాల పనికి సూరత్ వచ్చిన తెలుగు కుటుంబాల పిల్లలకు హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ తలుపులూ తెరిచే ఉన్నాయి. కణజీవశాస్త్రం, జన్యువ్యాధులు రెండింటిలోనూ అక్కడ పీహెచ్‌డీ చేయవచ్చు.