హిమగిరులపై సైనికుని దేహము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



1962వ సంవత్సరమున హిమాలయ సరిహద్దులలో యుద్ధము సంభవించినపుడు భారతసైనికులు పెక్కురు మైదానములనుండి హుటాహుటిగా పర్వతములకు తరలింపబడిరి. నూలుదుస్తులతోనే కొండలెక్కినవారు కలరు. శత్రువు తుపాకికి గాక, ఊపిరియాడక కూలినవారును కలరు. వారి పరాక్రమమున లోపము లేదు. దేహమునకు కావలసిన గడువు వారికి లభింపలేదు.

ఆ గడువు ఏల కావలెను? పర్వతముపై గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గదు. రమారమి ఐదింట ఒకవంతు ఎచటనైనను ఒకటే. తగ్గునది గాలి యొక్క ఒత్తిడి. 18,000 అడుగుల యెత్తున అది సముద్రతీరపు ఒత్తిడిలో ఇంచుమించు సగము. ఒత్తిడి తగ్గినకొలది నెత్తురునకు అందు ప్రాణవాయువును తగ్గును. కొండజబ్బునకు ఇదియే మూలమని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బెర్ 1878లో వెలువరించిన గ్రంథమున నిరూపించెను.

ఈ లోటును పూరించుటకు దేహము మొదటి గంటలలోనే పూనుకొనును. శ్వాస హెచ్చును, గుండె వడిగా కొట్టుకొనును. శ్వాస హెచ్చుటచే బొగ్గుపులుసుగాలి అధికముగా వెలికిపోయి నెత్తురు క్షారగుణము పొందును. అది శ్వాసకు కళ్లెము వేయును. కొన్నిదినములలో మూత్రపిండములు ఆ క్షారమును విసర్జించి కళ్లెమును సడలించును. ఆ మూత్రపిండములే ఒక హార్మోనును పుట్టించి ఎముకలలోని మజ్జను ప్రేరేపింపగా, వారములు గడచినకొలది నెత్తుటిలో ఎర్రకణములు పెరుగును. ఇంత జరిగినను, బరువు మోసి యెక్కు శక్తి మైదానమున నున్నంతగా తిరిగి రాదు.

చలికి దేహము ఈమాత్రమును అలవాటుపడదు. చర్మమందలి రక్తనాళములు ముడుచుకొని లోపలి వేడిని కాపాడును. కాని వ్రేళ్లకు నెత్తురు తగ్గి మంచుకాటునకు చోటిచ్చును. బరువుతో నడచువానికి చెమట పట్టును. వాడు నిలిచినంతనే ఆ తడిబట్టలు వేడిని హరించును. పొడిగాలిలో శ్వాసతో నీరు పోవుచున్నను దాహము తోచదు. అందుచే అనుభవజ్ఞుడు చెమట పట్టకముందే పైబట్ట సడలించును, నిలిచినపుడు తొడుగుకొనును, దప్పిక లేకున్నను నీరు త్రాగును.

తొందరపడినవారికి తలనొప్పి, వాంతి, నిద్రలేమి కలుగును. కొందరికి ఊపిరితిత్తులలో నీరు చేరును. వెంటనే క్రిందికి దింపి ప్రాణవాయువు నీయకున్న ప్రాణాపాయము. ఇందర్‌సింగు, ఆయన సహచరులు 1,925 మంది భారతసైనికులలో ఈ వ్యాధిని పరిశీలించి 1969లో ప్రకటించిరి. కండబలము దీనికి కవచము కాదు. బలశాలియే వేగముగా ఎక్కును, బాధను దాచుకొనును, ముందుగా కూలును.

ఈ అనుభవముతో సైన్యమున ఒక నియమ మేర్పడినది. 9,000 అడుగులు దాటినవారికి మొదటి మజిలీలో ఆరుదినముల గడువు. అందు తొలి రెండుదినములు విశ్రాంతియే, పిదప మెల్లని నడక. 12,000 అడుగుల పైన నాలుగుదినములు, 15,000 అడుగుల పైన మరి నాలుగుదినములు. కోస్తాగ్రామమునకు దీర్ఘకాలము సెలవుపై వచ్చి మరలిన సైనికుడును ఈ మెట్లు తిరిగి ఎక్కవలసినదే. పెరిగిన ఎర్రకణములు మైదానమున క్రమముగా తగ్గిపోవును.

1984 మొదలు సియాచిన్ హిమానీనదముపై ఇరుపక్షముల సైనికులలో గుండ్లకు కూలినవారికంటె చలికి, ఎత్తునకు, హిమపాతములకు బలియైనవారే అధికులు. అచట తలనొప్పి యని చెప్పిన సైనికుడు పిరికివాడు కాడు. ఆ మాట విని ప్రయాణము నిలిపిన నాయకుడు కాలము వ్యర్థము చేసినవాడు కాడు. దేహము అడిగిన నాలుగుదినములు ఈయనివాడు, ఒక నిండుప్రాణమునే ఈయవలసివచ్చును.