ఆసుపత్రిలో దినముల లెక్క
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఆఫీసులో ఆయుర్దాయమంతయు లెక్కలతో గడుపు మనము, ఆసుపత్రి బిల్లు చేతికి వచ్చిన నాడు మాత్రము రోజులు ఎంచుటకే తడబడుదుము. అది మన తెలివితక్కువ కాదు. ఒకే వాసమునకు లెక్కలు పలు తీరులు.

సోమవారము రాత్రి 10 గంటలకు రోగి చేరి, గురువారము ఉదయము 11 గంటలకు ఇల్లు చేరెననుకొందము. తేదీలను ఎంచినచో 4 దినములు. అర్ధరాత్రి వేళ నిండియున్న మంచములను ఎంచు పద్ధతిలో 3. చేరిన దినము లెక్కకు వచ్చును, విడుదలైన దినము రాదు. గంటలు కూడినచో 61. బీమా కంపెనీలు చూచునది ఈ గంటలనే. ఎడతెగక 24 గంటలు లోపలి రోగిగా ఉండవలెనని పాలసీలలోని సామాన్య నిర్వచనము. కంటి శుక్లము వంటి కొన్ని చికిత్సలకు మాత్రము మినహాయింపు కలదు.

1954లో ఢిల్లీలో ఆరంభమైన మన సి.జి.హెచ్.ఎస్. దారి వేరు. అది దినమునకు గాక చికిత్సకే మొత్తముగా వెల కట్టును. 2014 నాటి ధరల నియమములలో ప్రత్యేక నైపుణ్యము వలసిన చికిత్సలకు 12 దినములు, ఇతర పెద్ద ఆపరేషన్లకు 7, లాపరోస్కోపీకి, సహజ ప్రసవమునకు 3, చిన్నవానికి 1 అని హద్దులు గలవు. ఏడు దినములు ఉండి తీరవలెనని కాదు. నాలుగవనాడు లేచి నడచి వచ్చినను వెల అదియే. హద్దు దాటినచో, కారణము రికార్డులో ఉండి ధ్రువపరుపబడిననే గది, పరీక్షలు, మందులు, దినమునకు రెండుకు మించని డాక్టరు దర్శనములు అదనముగా లభించును. శస్త్రచికిత్స వలన కలిగిన చీము చేత వాసము పెరిగినచో ఆసుపత్రి అదనముగా వసూలు చేయరాదు.

ఈ కడపటి మాట నాకు ఆలస్యముగా తెలిసినది. కొన్నేండ్ల క్రిందట మా అమ్మగారికి గర్భసంచి ఆపరేషను జరిగినది. కుట్లు చీము పట్టి తొమ్మిది దినములు ఉంచిరి. రెండు దినముల అదనపు సొమ్ము కట్టుమనిరి, కట్టితిని. ఆఫీసు ఆ పైకము తిరిగి ఈయలేదు. నిజమునకు అడుగవలసినది ఆఫీసును కాదు, ఆసుపత్రిని. అమ్మగారు మాత్రము, “నా వల్లనే గదా నాయనా ఈ ఖర్చు” అని పలుమారులు నొచ్చుకొనిరి.

విడుదల చీటీ తీసి చూచితిని. తేదీలు కలవు. గంటలు లేవు. ఆ రెండు దినములు ఎందుకు ఉంచిరో ఒక్క వాక్యమైనను లేదు. మీరు చీటీ అందుకొనునపుడే ఈ రెండును వ్రాయించుకొనుడు. పాత బిల్లులు గలవారు ఫలహారముల వేళ తెచ్చినచో కలిసి చూతము.