పనితనానికీ క్రెడిట్
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

మిత్రులారా, టెన్త్‌తో చదువు ఆపి వైరింగ్ పనికి వెళ్లిన మన బ్యాచ్‌వాళ్లు ఈ సభలోనే ఉన్నారు. కొత్తగా చేరిన ఐటీఐ కుర్రాడికి పని నేర్పేది వీళ్లే. సూపర్‌వైజర్ అయ్యేది మాత్రం అతను, సర్టిఫికెట్ ఉంది కాబట్టి!

1982లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం, అదే ఈనాటి అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, ఇంటర్ లేనివారినీ అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకుంది. ఇప్పుడు 2023 నాటి జాతీయ క్రెడిట్ విధానం పని అనుభవాన్నీ లెక్కలోకి తీసుకుంటోంది. అయితే ఇన్నేళ్లు చేశానంటే చాలదు, వచ్చిన పనిని పరీక్షలో చూపాలి. నా దృష్టిలో అది సబబే. డబ్బు కడితే అనుభవానికి డిగ్రీ ఇంటికే పంపుతామనే ప్రకటనల జోలికి మాత్రం పోకండి.

దరఖాస్తులు నింపడానికి మన సంఘం తోడుండాలి. ఆదివారాలు నేనొస్తాను.